ఒకటే రక్తం

మా కాలేజీలో జువాలజీ ల్యాబు హైవేని ఆనుకునే ఉంటుంది. ఫిబ్రవరి వచ్చిందంటే మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, వేసుకున్న లారీలు గుంటూరు యార్డుకి బారులు తీరతాయి. కిటికీలు మూస్తే ఉక్క, తెరిస్తే ఘాటు. మైక్రోస్కోపు మీదకి వంగిన పిల్ల ఇలా ఫోకస్ పెట్టుకుంటుందో లేదో తుమ్ము వస్తుంది, స్లైడు కదులుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. ఒకరు తుమ్మితే గది మొత్తం అందుకుంటుంది. శుభమా అని ప్రాక్టికల్ మొదలుపెడుతుంటే ఈ తుమ్ములేంట్రా అని కసురుకునేలోపు నాకే తుమ్మొస్తుంది. అప్పుడు చూడాలి వాళ్ళ నవ్వులు.

నాకు కోపం ఎక్కువ. నేను చెప్పుకోవటం కాదు, వెనక బెంచీ మీద ఎవరో కంపాస్ ముల్లుతో చెక్కిపెట్టారు, మేడమ్ గ్రూపు బీపీ పాజిటివ్ అని. చెక్కినవాడు ఎవడో దొరికాడు, దులిపేశాననుకోండి. బెంచీ మాత్రం మార్పించలేదు. నిజం చెప్పొద్దూ, జోకు బాగుంది.

నేను ఇదే కోర్సు చదివినప్పుడు కప్పల్ని కోశాం. ఇప్పుడు కోతల్లేవు, బొద్దింక నరాలు కంప్యూటర్ తెర మీద చూపిస్తాం. పై అంతస్తులో బోటనీ వాళ్ళు బొబ్బర తెగులు పట్టి ముడుచుకుపోయిన మిరపాకుల్ని అట్టల మీద అంటించుకుంటుంటారు. పక్క గదిలో మైక్రోబయాలజీ పిల్లలు ఇంటినుంచి తెచ్చిన పెరుగు చుక్కలో బాక్టీరియా చూసి, ఆ మధ్యాహ్నం క్యారేజీలో పెరుగన్నం ముట్టకుండా మూత పెట్టేస్తారు. పుస్తకంలో ఇంగ్లీషు, బోర్డు మీద ఇంగ్లీషు, నా నోట్లోంచి వచ్చేది తెలుగు. లేకపోతే ఆ పల్లెటూరి పిల్లలకి ఎక్కడ ఎక్కుతుంది, మీరే చెప్పండి.

ప్రాణమున్న ప్రాక్టికల్ అంటూ మాకు మిగిలింది ఒకటే, రక్తం గ్రూపు చూడటం. వేలు గుచ్చి, తెల్లటి పింగాణీ పలక మీద మూడు చుక్కలు పెట్టించి, ఒకదాంట్లో ఏ తేల్చే నీలం మందు, ఒకదాంట్లో బి తేల్చే పసుపు మందు, మూడోదాంట్లో పాజిటివా నెగటివా చెప్పే నీళ్ళలాంటి మందు వేసి పుల్లతో కలపాలి. ఏ చుక్క పాలు విరిగినట్టు పలుకులు పలుకులుగా విరుగుతుందో దాన్నిబట్టి గ్రూపు. మిరపకాయ కోతలకెళ్ళొచ్చిన పిల్లల వేళ్ళకి స్పిరిట్ దూది తగిలితే సూది కంటే ముందు అదే చురుక్కుమంటుంది. అమ్మా అని వాళ్ళు అరుస్తుంటే మగపిల్లలు నవ్వుతారు, తమ వంతు వచ్చేసరికి వాళ్ళకే కళ్ళు తిరుగుతాయి.

ఈ ప్రాక్టికల్లే నా తలకి చుట్టుకున్నాయి. కాలేజీలో రక్తం చూస్తారని ఊళ్ళలో పాకిపోయింది. పెళ్ళిళ్ళ ముందు మా పిల్లల తల్లిదండ్రులు ల్యాబు గుమ్మంలో నిలబడేవాళ్ళు. మేనరికాలు మంచివి కావని టీవీలోనో, ఆస్పత్రి గోడ మీదో చూశారు. సంతోషం. కానీ చూసిన మర్నాడే దానికో విరుగుడు కూడా వాళ్ళే కనిపెట్టుకున్నారు. బావకీ మరదలికీ పరీక్ష చేయించటం. గ్రూపు ఒకటే అయితే ఒకటే రక్తమంట, చేసుకోకూడదంట. గ్రూపు వేరైతే రక్తం వేరంట, ఇక అక్కకూతుర్ని చేసుకున్నా ఫరవాలేదంట.

నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములకి వేరే వేరే గ్రూపులుంటాయి, చీమకుర్తి క్వారీలో పనికి ఎక్కడో బీహారు నుంచి వచ్చినవాడిదీ నీదీ ఒకటే గ్రూపై ఉంటుంది, అంతమాత్రాన వాడు నీ మేనమామ కొడుకైపోతాడా అని గొంతు చించుకునేదాన్ని. అందరూ బుద్ధిగా తలలూపేవాళ్ళు. ఊపి, అది సరేనండి, ఇంతకీ మా వాళ్ళది ఒకటేనా వేరా అనేవాళ్ళు.

ఒక ఏడు ఫైనలియర్‌లో ఒకమ్మాయి ఉండేది. అద్దంకి వైపు పల్లె. వాళ్ళది మిరప, పత్తి చేసే కుటుంబం. క్లాసులో పెద్దగా నోరు తెరవదు, తెరిస్తే నేను పుస్తకం తిరగేసుకోవాల్సిన ప్రశ్న వేస్తుంది. ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళాక లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఎల్లుండి మా అమ్మమ్మా, మా బావా వస్తున్నారు మేడమ్, రక్తం చూపించుకోటానికి అంది. నాకు అప్పుడే కోపం అంటుకుంది. నువ్వు కూడానా, ఇంతకాలం జెనెటిక్స్ చెప్పింది ఎవరికి అని మొదలెట్టాను. ఆ పిల్ల నా కోపం అయ్యేదాకా ఆగి, నెమ్మదిగా విషయం చెప్పింది.

బావంటే వాళ్ళ మేనమామ కొడుకు. చీమకుర్తిలో రాయి కోసే యూనిట్‌లో సూపర్‌వైజరు. పెళ్ళి కుదిర్చేశారు. ఇంట్లో అమ్మమ్మ మాటే మాట. ఆవిడ కొడుకు కొడుక్కీ, కూతురు కూతురికీ ముడి పెడితే తన పిల్లలిద్దరి ఇళ్ళూ ఒకటిగా ఉంటాయని ఆవిడ ఆశ. ఈ అమ్మాయికేమో ఎమ్మెస్సీ చదవాలని ఉంది, ఎంట్రన్సుకి రాత్రింబవళ్ళు చదువుతోంది. పెళ్ళయితే చీమకుర్తి కాపురం, చదువు అటకెక్కినట్టే. బావ మంచివాడు కాదా అని అడిగాను. మంచివాడే మేడమ్, అదే నా ఖర్మ, చెడ్డవాడైతే అరిచి గోల చేసేదాన్ని అంది.

ఇక మిగిలింది ఈ రక్తం పరీక్ష ఒక్కటే. టౌన్లో ఏ ల్యాబుకో తీసుకెళ్తామంటే, మా కాలేజీలో మేడమ్ చూస్తారని ఈ పిల్లే పట్టుబట్టి ఇక్కడికి రప్పించింది. ఎందుకో నాకు అప్పటికి అర్థమైంది.

"మీరు ఒకటే గ్రూపని చెప్పండి మేడమ్. ఇంకేమీ అడగను."

చెప్పనన్నాను. నా చేత అబద్ధం చెప్పించటానికి నీకెంత ధైర్యమే అన్నాను. అబద్ధమని కాదు నా బాధ, సమయానికి అవి ఆడనివాళ్ళెవరు. ఈ ఒకటే, వేరే అన్న పిచ్చిని ఊళ్ళోంచి వదిలించాలని ఇన్నేళ్ళుగా నేను తల పగలగొట్టుకుంటుంటే, ఇప్పుడు నా నోటితోనే దానికి రాజముద్ర వేయమంటావా? ఒకటే కాబట్టి వద్దని నేనంటే, వచ్చే ఏడు ఇంకో పిల్లకి వేరే గ్రూపు వస్తుంది, మేడమ్ గారి లెక్క ప్రకారం చేసుకోవచ్చని దాని మెడలో తాళి కట్టిస్తారు. ఆ పిల్ల గతేంటి? ఇదంతా ఆవేశంగా చెప్పాను. చాలా న్యాయంగా మాట్లాడుతున్నానని కూడా అనుకున్నాను.

"వచ్చే ఏడు పిల్ల సంగతి వచ్చే ఏడు చూద్దాం మేడమ్. ఈ ఏడు నేనున్నాను," అంది.

ఆ పిల్ల వెళ్ళిపోయాక క్యారేజీ విప్పబుద్ధి కాలేదు. ఆ రెండు రోజులూ నా మనసు మనసులో లేదు. ఒకసారి చెప్పేస్తే పోలా అనిపించేది. ఒకసారి, అసలు నిజంగానే ఇద్దరిదీ ఒకటే అయితే బాగుండు, నా నోరు శుభ్రంగా ఉంటుంది, దాని పనీ అవుతుంది అనిపించేది. ఆ అమ్మాయిది బి పాజిటివ్ అని ముందే తెలుసు, ప్రాక్టికల్లో చూసిందే. కనపడిన దేవుళ్ళందరికీ ఆ బావది కూడా బి అవ్వాలని మొక్కాను. జువాలజీ మేడమ్ గారు మొక్కాల్సిన మొక్కేనా ఇది.

చెప్పిన రోజు వచ్చారు. అమ్మమ్మ సన్నగా, నిటారుగా ఉంది. ముతక నేత చీర, చేతులకి మట్టిగాజులు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతుంటే వద్దు మామ్మగారూ, ఇది గుడి కాదన్నాను. విప్పే వచ్చింది. బావ పొడుగ్గా, నెమ్మదిగా ఉన్నాడు, చొక్కా మడతల్లో ఇంకా రాతిపొడి ఉంది. సూది చూసి ముఖం తిప్పుకున్నాడు. ఏరా, రోజూ బండలు కోయించేవాడివి, చీమ కుట్టినంత దానికి భయపడతావేంట్రా అని మామ్మగారు నవ్వింది. అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి నా చేతుల్నే చూస్తోంది.

ముందు అమ్మాయిది చేశాను, తెలిసిందే అయినా. పసుపు మందులో విరిగింది, నీళ్ళ మందులో విరిగింది. తర్వాత అబ్బాయిది. పలక అటూ ఇటూ వంచుతున్నాను. నీలం మందులో ఏమీ లేదు. పసుపు మందులో పలుకు కడుతుందేమోనని చూస్తున్నాను, కాస్త ఆగాను, ఇంకాస్త ఆగాను, పుల్ల పెట్టి మళ్ళీ కలిపాను. నున్నగా, ఎర్రగా, అలానే ఉంది. నీళ్ళ మందు ఒక్కదాంట్లోనే విరిగింది. ఓ పాజిటివ్. అమ్మాయి కిటికీ దగ్గర్నుంచే చూసేసింది. దాని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మామ్మగారు కూడా పలక మీదకి వంగి చూసింది. చదువు లేకపోతేనేం, విరిగినదేదో విరగనిదేదో ఎవరికైనా కనపడుతుంది. ఈ పసుపుదాంట్లో దీనిది విరిగింది, వాడిది విరగలేదు, వేరే కదమ్మా అంది. అబద్ధం చెప్పటానికి అదే ఆఖరి క్షణం. అవునండి, గ్రూపులు వేరే అన్నాను. ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. రక్తం వేరు, ఇక దిగుల్లేదురా అని మనవడి భుజం తట్టింది.

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను. ఆగండి మామ్మగారూ, కూర్చోండి అని స్టూలు లాగాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, ఆవిడ కూర్చుంది. గ్రూపుకీ దీనికీ సంబంధం లేదని మొదలుపెట్టాను. అందరూ ఊపినట్టే తల ఊపుతోంది. ఇలా కాదని, మీకు ఎడ్లబండి తెలుసా అన్నాను. తెలియకేం, మా ఇంట్లో ఒంగోలు జత ఉండేదంది.

సరే, అయితే వినండన్నాను. ఒంట్లో ప్రతి పనికీ ఒక కాడి ఉంటుంది. దానికి రెండు ఎద్దులు. ఒకటి తల్లి ఇంటి నుంచి వస్తుంది, ఒకటి తండ్రి ఇంటి నుంచి. ఒకటి కుంటిదైనా రెండోది లాగుతుంది, బండి నడుస్తుంది, పైకి ఎవరికీ తెలియదు. ఇలాంటి కుంటివి మీలో ఉంటాయి, నాలో ఉంటాయి, ఏది కుంటిదో మనకే తెలియదు. బయటి సంబంధం చేసుకుంటే, నాలో కుంటిదైనదే ఆ వచ్చినవాళ్ళలోనూ కుంటిదవటం అరుదు. ఇద్దరూ ఒకే దొడ్డి నుంచి వచ్చారనుకోండి, అదే కుంటిది ఇద్దరి దగ్గరా ఉండొచ్చు. అప్పుడు పుట్టే బిడ్డకి కాడికి రెండూ కుంటివే పడతాయి. పడి తీరతాయని కాదు, పడే వీలు పెరుగుతుంది. మేనమామని చేసుకుంటే ఇంకా పెరుగుతుంది. రక్తం గ్రూపంటారా, అది ఎద్దు కొమ్ములకేసిన రంగు. రంగు వేరైనంత మాత్రాన దొడ్డి వేరైపోదు.

ఈసారి ఆవిడ తల ఊపలేదు.

తర్వాత మనవడితో, ఒరేయ్, దాన్ని బయటికి తీసుకెళ్ళి సోడా తాగిరా, నేను మేడమ్ గారితో మాట్లాడాలి అంది. వాళ్ళిద్దరూ వెళ్ళారు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూసుకుంటూ మాట్లాడింది.

ఆవిడని చేసుకున్నది సొంత మేనమామ. వాళ్ళమ్మ తమ్ముడే. మంచి మనిషి. పుట్టిన పిల్లలు పుట్టినట్టు బాగానే ఉండేవాళ్ళంట, బోర్లాపడే వయసొచ్చేసరికి మెడ నిలవక, పాలు దిగక, ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఇద్దరే దక్కారు. కొడుకు పుట్టినప్పుడు, వీణ్ణయినా మృత్యువు ముట్టకూడదని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకొచ్చి, ఆ పెంట పేరే పెట్టారంట. ఇక ఊళ్ళో ఆవిడకొక పేరు పడిపోయింది, పిల్లలు నిలవని చెయ్యి అని. ఎవరింట్లో పురుడొచ్చినా ఈవిడ కంటపడకుండా బిడ్డని లోపలికి తీసుకుపోయేవాళ్ళంట. అత్తగారు అదే అంది, ఆడపడుచులు అదే అన్నారు, ఆఖరికి కన్నతల్లి కూడా నీ చేతిలో ఏదో ఉందే అందంట. మొగుడు మాత్రం ఏమీ అనలేదంట. అననందుకు కూడా ఏడ్చానమ్మా అంది.

ఇదంతా ఏడవకుండా చెప్పింది. ఏ ఊరి సంగతో చెప్పినట్టు చెప్పింది. చెప్పి తలెత్తింది.

"అయితే అమ్మాయ్, నా చెయ్యి కాదా?"

నేను పాఠాలు చెప్పేదాన్ని. ఎన్ని ప్రశ్నలకి జవాబు చెప్పుంటానో. ఇలాంటి ప్రశ్న ఎవరూ వేయలేదు. ఆ పిల్లలకి వచ్చిందేంటో ఇన్నేళ్ళ తర్వాత నేనే కాదు, ఏ డాక్టరూ చెప్పలేడు. అదే చెప్పాను. ఏం జబ్బో నాకు తెలియదు మామ్మగారూ, నేను చెప్పిన ఈ కాడి సంగతే అయ్యుండొచ్చు, ఇంకేదైనా అయ్యుండొచ్చు. ఏదైనా గానీ మీ చెయ్యి మాత్రం కాదు. చేతిలో అలాంటిదేం ఉండదు. ఇది మాత్రం నాకు ఖాయంగా తెలుసు అన్నాను. ఎవరూ చెప్పలేదమ్మా అంది. ఆవిడ మీద కాదు, ఆవిడకి ఆ మాట చెప్పకుండా ఇన్నేళ్ళు గడిపిన అందరి మీదా నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. వాళ్ళలో సగంమంది ఈపాటికి పోయుంటారు, ఎవరి మీద అరవను.

పిల్లలు తిరిగొచ్చారు. ఆవిడ లేచి చెప్పులేసుకుని, పదండిరా అంది. పెళ్ళి మాట ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు నా వైపు కూడా చూడలేదు. అమ్మాయి మాత్రం చూసింది. ఆ చూపు నాకు వారం రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

ఎందుకంటే ఆ మర్నాటి నుంచి అమ్మాయి కాలేజీకి రాలేదు. ఒక రోజు, రెండు రోజులు, వారం దాటింది. అడిగితే కోతలకెళ్ళుంటుంది మేడమ్ అన్నారు స్నేహితురాళ్ళు. నాకు తెలుసు, పసుపు దంచుంటారు. గ్రూపులు వేరే అన్న ముక్క ఒక్కటే చెవిన వేసుకుని పోయుంటారు, ఎద్దులూ కాడీ దారిలోనే దిగిపోయుంటాయి. ఒక్క అబద్ధం, ఏం పోయేది నాది అని నన్ను నేను తిట్టుకోని గంట లేదు. క్లాసులో పిల్లల మీద ఊరికే అరిచాను. వెనక బెంచీ వాళ్ళు కూడా జోకులు మానేశారు.

తర్వాత ఒక పొద్దున ల్యాబు తలుపు తీస్తుంటే వెనక నిలబడి ఉంది. మెడ వైపు చూశాను, సన్న గొలుసు తప్ప ఏమీ లేదు. ఏమే, ఎక్కడ చచ్చావే ఇన్నాళ్ళు అన్నాను. నిజంగానే కోతలకెళ్ళిందంట. కూలీలు దొరక్క ఇంటిల్లిపాదీ చేలోనే ఉన్నారంట. వేళ్ళు చూపించింది, ఎర్రగా పొట్టు లేచి ఉన్నాయి. పెళ్ళి ఆగిపోయింది మేడమ్ అంది.

ఇంటికెళ్ళిన రోజే అమ్మమ్మ అందర్నీ కూర్చోబెట్టి చెప్పిందంట, ఈ పెళ్ళి వద్దు, మేడమ్ గారు పరీక్ష చేసి ఒకటే రక్తం అని చెప్పారని. అంతే, ఎవరూ కిక్కురుమనలేదంట. బావ, ల్యాబులో గ్రూపులు వేరే అని నా నోటే విన్నవాడు, ఒక్క మాట ఎదురు చెప్పలేదంట. పైగా ఈ పొద్దున బండి మీద తనే తీసుకొచ్చి గేటు దగ్గర దింపి, ఎంట్రన్స్ బాగా రాయమని చెప్పి వెళ్ళాడంట.

నాకు సంతోషంతో పాటే ఒళ్ళు మండింది. నేను ఒకటే అన్నానా? నా నోటితో నేను అననన్న మాటే నా పేరు పెట్టి ఊరంతా చాటిందా మీ అమ్మమ్మ? ఇక వచ్చే సీజను నా గుమ్మంలో తిరణాలే. అమ్మాయి పకపకా నవ్వింది. నేనడిగితే లేదన్నారు, మా అమ్మమ్మ అడగనుకూడా అడగలేదు అంది. నవ్వుతుంటే అప్పుడు తట్టింది నాకు. గ్రూపు ఒకటే అని ఆవిడ అనలేదు. ఒకటే రక్తం అంది. అది అబద్ధం కాదు. నేను అంతసేపు చెప్పింది అదే. వినేవాళ్ళు గ్రూపనుకుంటే అది వాళ్ళ ఇష్టం. పోయిన పిల్లల్ని అందరి ముందూ మళ్ళీ లేపకుండా, ఉన్న పిల్లని ఒడ్డున పడేసింది మామ్మగారు.

అమ్మాయి ఏప్రన్ తొడుక్కుంటూ ఆగింది. ఇంకో సంగతి మేడమ్, అంది. నిన్న మా ఎదురింట్లో బాబుని ఉయ్యాల్లో వేశారు. మా అమ్మమ్మ ఎప్పుడూ ఇలాంటివాటికి లోపలికి రాదు, అరుగు మీదే కూర్చుని వచ్చేస్తుంది. చంటిపిల్లల్ని అసలు ఎత్తుకోదు. నన్ను కూడా ఎత్తుకోలేదంట, మా అమ్మ చెప్తుంటుంది. ఎందుకో మా పిల్లలకి ఎవరూ చెప్పరు. అలాంటిది నిన్న తిన్నగా లోపలికెళ్ళి, బాబుని ఇటివ్వండి అంది. ఆ బాబు నాయనమ్మ ఇవ్వకుండా అటూ ఇటూ చూస్తోంది. మేం కూడా బిత్తరపోయాం. మా అమ్మమ్మ చేతులు చాపుకుని అలానే నిలబడింది.

నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి. ఆ పిల్ల ముందే ఏడ్చేశాను. అది కంగారుపడి, ఏమైంది మేడమ్, నేనేమైనా తప్పు మాట్లాడానా అంది. కాదులే, ముందు చెప్పు, ఇచ్చారా అన్నాను.

"ఏం కాదు, ఇటివ్వు. నా చెయ్యి మంచిదే అంది మా అమ్మమ్మ, మేడమ్," అంది. "ఇక ఆవిడ ఇవ్వక తప్పలేదు. మా అమ్మమ్మ చంటిపిల్లల్ని పట్టుకోవటం మర్చిపోయిందేమో అనుకున్నాం. మెడ కింద చెయ్యి వేసి ఎంత బాగా పట్టుకుందో. వాడు ఆ చేతుల్లోనే నిద్రపోయాడు."